గిట్టల అక్షరం

సాంతా దెల్ఫీనాలో చచ్చిపోయిన వాళ్ళందరి పేర్లూ ఎర్మో చేతిమీదుగా వెళ్ళినవే. బతికున్నవాళ్ళకి ఆ చేతి మీద గౌరవం ఉంది గానీ, అది తమ దాకా ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని వాళ్ళ ఉద్దేశం. అందుకే దారిలో ఎర్మో కనిపిస్తే నవ్వి పలకరిస్తారు, పేరు మాత్రం చెప్పరు.

పూర్తి పేరు ఎర్మోహెనెస్ రూగాస్. పొట్టి మనిషి. కనుబొమల మీద తెల్లటి రాతిపొడి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అరిగిపోయిన ఉలి. మా ద్వీపంలో కొండని తవ్వితే పాలరాయి, సముద్రాన్ని తవ్వితే చేప. ఈ రెండూ పట్టుకోనివాడు మనీలా వెళ్ళి కాపలాదారు అవుతాడు. ఎర్మో రాయిని పట్టుకున్నాడు. తండ్రి సమాధి ఫలకాలు చెక్కేవాడు, ఆయన తండ్రీ అవే చెక్కాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా ఊళ్ళో అయితే చచ్చినవాడి పేరు బారెడు. సొంత పేరు, దాని వెనక ఒక పునీతుడి పేరు, తల్లి పుట్టింటి పేరు, ఆడమనిషైతే ఆ తర్వాత మొగుడింటి పేరు. ఇంత పేరునీ ఒకే వరసలో చెక్కాలి. రెండు వరసలు చేస్తే మనిషిని నడుం దగ్గర విరిచినట్టేనని మా ముసలమ్మల నమ్మకం. విరిస్తే ఆ ఇంట్లో ఇంకో శవం లేస్తుందట. లేచిందో లేదో నేను చూడలేదు గానీ, ఎదురు చెప్పినవాడినీ చూడలేదు.

తండ్రి నేర్పిన అక్షరం చర్చి గుమ్మం మీది పాతకాలపు అక్షరం. ఒళ్ళు వెడల్పు, కాలి చివర సూదిమొన. చూడ్డానికి రాజసంగానే ఉండేది. అయితే మా కొండ రాయికి ఆ రాజసం పడదు. మొన చెక్కబోయేసరికి పెచ్చు లేచిపోతుంది. ఒక పెచ్చు లేచిందంటే ఫలకం మొత్తం పారేయాల్సిందే. చనిపోయినవాళ్ళ పేరు మీద అతుకు వేయడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఎర్మో కుర్రతనంలో ఒక విధవరాలు పోయింది. ఆమె పేరు చదివేసరికి ఫాదరుకే మధ్యలో ఊపిరి అందలేదు. ఆమె కొడుకులు తెచ్చిన రాయేమో చంటిపిల్ల ఉయ్యాలంత. తండ్రి చేతులెత్తేశాడు. ఎర్మో కూర్చుని ఒక్కొక్క అక్షరాన్నీ రెండు పక్కలా నొక్కుకుంటూ పోయాడు. పొడవు తగ్గించలేదు, పొట్ట తగ్గించాడు. పెచ్చు లేవకుండా ప్రతి కాలి చివరా ముందు బరమాతో గుండ్రటి గుంటలు తొలిచి, ఆ తర్వాత గుంట నుంచి గుంటకి ఉలితో కాలవ తీశాడు. గుంట దాకా వచ్చిన పగులు గుంట దగ్గరే ఆగిపోతుంది. అలా తొలిచిన చోటల్లా కాలి కింద ఒక లావుపాటి గుండ్రటి పాదం ఏర్పడింది. ముందు దాన్ని చెరిపేద్దామనుకున్నాడు. తీరా చూస్తే, ఆ పాదాలు లేకపోతే సన్నటి కాళ్ళన్నీ కంచె కర్రల్లా కలిసిపోయి ఏది ఏ అక్షరమో తెలియడం లేదు. పాదాలుంటే ఒకదాని భుజం ఒకటి ఆనుకుని వరస కుదురుగా నిలబడింది. వదిలేశాడు.

ఊళ్ళో దానికి గిట్టల అక్షరమని పేరు పెట్టారు. బురదలో నిలబడ్డ దున్నపోతు గిట్టలు అచ్చంగా అలాగే ఉంటాయి. గుండ్రటి గుంటల్లో పట్టిన రంగు వానకి పోదు. సమాధుల పండుగనాడు పడ్డ కొవ్వొత్తి మైనం గోటితో గీకితే వచ్చేస్తుంది. కంటిచూపు ఆనని ముసలివాళ్ళు వేలు పెట్టి తడిమి, తమవాళ్ళెవరో పోల్చుకుంటారు. ఇంత ఉపయోగం ఉన్నాక ఇంక వేరే అక్షరం ఎవరడుగుతారు? కొన్నేళ్ళకి శ్మశానమంతా గిట్టలే.

ఇక్కడే ఎర్మోకి ఒక దిగులు పట్టుకుంది. అంత ముచ్చటపడి చేసుకున్న అక్షరాన్ని జనం ఏడాదికి ఒక్కసారి చదువుతారు, అదీ కన్నీళ్ళలోంచి. పొడికళ్ళతో, బతికున్న మనిషి, మామూలు రోజున ఒక్కసారి చదివితే చాలనుకున్నాడు. మరీ ముఖ్యంగా రేవు దగ్గర ఆర్చి మీద అతనికి మనసు. పడవ దిగినవాడెవడైనా దాని కిందనుంచే ఊళ్ళోకి రావాలి. దాని మీద ఎప్పుడో అతికించిన రేకు అక్షరాలు సగం రాలిపోయి, మా ఊరు తన పేరు తానే మరిచిపోయినట్టుండేది. అక్కడ తన గిట్టలు నిలబెట్టాలని ఎర్మో కోరిక. పైకి ఎవరితోనూ అనలేదు. అనకపోయినా భార్య కాందిదాకి తెలుసు. రేవుకి వెళ్ళినప్పుడల్లా మొగుడు చేపల వంక కాక పైకి చూస్తాడని ఆమె కనిపెట్టింది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు. ఎర్మో ఇంట్లోనే మొదలెట్టాడు. కాందిదా రేవు పక్కన ఒక పూటకూళ్ళ కొట్టు పెట్టింది. పంది మాంసం పులుసు, నల్లటి స్క్విడ్ కూర, పొద్దున్నే అల్లం గంజి. ఆమె చేతి వంటకి ఊళ్ళో పేరుంది. బోర్డు తానే చేస్తానన్నాడు ఎర్మో. పడవ నడిపేవాళ్ళు దూరాన్నుంచి చదివేట్టు మంచి తెల్లరాయి మీద ఆమె పూర్తి పేరు గిట్టలతో చెక్కి, నల్లరంగు నింపి, గుమ్మం పక్కన నిలబెట్టాడు.

మొదటిరోజు ఎవరూ రాలేదు. వచ్చిన ఇద్దరు పడవవాళ్ళు గుమ్మం దగ్గర ఆగి టోపీలు తీశారు. వాళ్ళలో ఒకడు గొంతు తగ్గించి ఎర్మోని అడిగాడు.

"ఎప్పుడు జరిగింది బాబాయ్? మొన్ననేగా బజార్లో కనపడింది పిన్ని!"

లోపల్నుంచి కాందిదా గరిటతో సహా బయటికొచ్చింది. "ఇప్పుడే జరగబోతోంది. నాక్కాదు, మీ బాబాయికి."

మర్నాటి పొద్దున బోర్డు కింద ఎవరో పుణ్యాత్ములు కొవ్వొత్తి పెట్టి పోయారు. ఆ సాయంత్రమే కాందిదా బోర్డుని తిరగేసి వెనక వైపు చేపలు కోసుకోవడం మొదలుపెట్టింది. "బండ చల్లగా ఉంది, కత్తీ జారట్లేదు. నీ రాయి ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అని మెచ్చుకుంది కూడా. గుమ్మానికి పసుపూ ఎరుపూ రంగుల ప్లాస్టిక్ బ్యానరొకటి కట్టింది. దాని మీద అక్షరాలు తాగిన మనుషుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొట్టు కిటకిటలాడింది. ఎర్మో ఆ బ్యానరు వైపు చూడకుండా లోపలికి వెళ్ళి, ఆ గంజే తాగి, పనికి పోయేవాడు.

ఇంట్లో ఓడినవాడిని రచ్చ పిలిచింది. అప్పటి మేయరు సాతుర్నినో ఎవాంగెలిస్తా మోంతెఫ్రియో ఎర్మో కూతురికి జ్ఞానతండ్రి. ఆ వరసన ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. మా దగ్గర మేయరన్నాక కల్వర్టు కట్టినా దాని మీద పేరుండాలి, చెత్తడబ్బా పెట్టినా ఉండాలి. పేరు లేని పని దేవుడు కూడా లెక్కలో వేసుకోడు. ఈయన పేరేమో ఎక్కడా పూర్తిగా పట్టదు. కాంట్రాక్టర్లు కత్తిరించి కత్తిరించి, ఒకచోట ఆయన్ని వాళ్ళ అమ్మ పుట్టింటివాడిగా, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరాలుగా మార్చారు. ఎన్నికల ముందు ఊరి మలుపుల్లోనూ గూడేల దగ్గరా జనం బండి కోసం నిలబడే షెడ్లు కట్టించాడు. షెడ్డుకొక పాలరాతి ఫలకం పెట్టాలని తానే ఎర్మో ఇంటికొచ్చాడు.

"బావా, మా అత్తయ్య సమాధి మీద చూశాను. ఆవిడ పేరు నా పేరుకంటే పొడుగు. ఒక్క వరసలో పట్టించావు. ఎన్నాళ్ళ రాజకీయం నాది! ఒక్కసారైనా పూర్తి పేరుతో గెలవాలని ఉంది."

ఎర్మో చెయ్యి అప్పుడే జేబులోని ఉలి మీదికి పోయింది. పొయ్యి దగ్గరనుంచి కాందిదా అంది, "అన్నయ్యా, ఆ అక్షరం ఇక ఆకలి వెయ్యనివాళ్ళకే. ఆకలున్న వాళ్ళకి కాదు. నా కొట్టు సంగతి తెలుసుగా!"

"నీ కొట్టు వేరు చెల్లెమ్మా. తిండి దగ్గర చావు గుర్తొస్తే కష్టమే. ఓటు దగ్గర ఎందుకొస్తుంది?" అన్నాడు మేయరు. ఇంత తెలివిగల మాట అన్నవాడు ఓడిపోవాలంటే ఊరికి చాలా తెలివుండాలి.

ఎర్మో జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెక్కలేదు. ఒక్కో ఫలకం మీదా ఆ పొడుగాటి పేరు కవాతులో నిలబడ్డట్టు నిలబడింది. షెడ్లన్నీ తెరిచారు. ఆ వారంనుంచే మొదలైంది. ముసలమ్మలు షెడ్డు ముందునుంచి పోతూ, పైకి చూసి, అలవాటుగా నుదుటి మీద సిలువ గుర్తు వేసుకునేవారు. బండివాళ్ళు అక్కడికొచ్చేసరికి పాటల మోత తగ్గించేవారు. పిల్లలు ఆ షెడ్లలో దాగుడుమూతలు మానేశారు. ఎండైనా వానైనా జనం బయటే, ఎదురుగా కొబ్బరిచెట్ల కింద నిలబడి బండి కోసం చూసేవారు. ఎవరూ మేయరుకి చెడు చేయాలని చేసింది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ అక్షరాన్ని ఒక్కచోటే చూసినవాళ్ళు మరి!

మేయరు మీద నిలబడింది మందులషాపు ఇనెస్ లిమ్. రెండు ముక్కల పేరు, ఏ అక్షరంలోనైనా కాళ్ళు జాపుకుని పడుకుంటుంది. చివరి సభలో మోంతెఫ్రియో పాలన గురించి మాట్లాడమని మైకు ఇస్తే, ఆమె లేచి, "పోయినవాళ్ళ గురించి చెడుగా మాట్లాడ్డం మన ఆచారం కాదు" అని కూర్చుంది. మైదానమంతా చాలాసేపు నవ్వులే. అక్కడే అయిపోయింది. ఓట్లు లెక్కపెట్టడం లాంఛనం.

ఓడిన మర్నాటి నుంచి సాతుర్నినో ఎర్మో గుమ్మం తొక్కలేదు. ఎర్మో అక్షరమే తన కొంప ముంచిందని కోళ్ళపందేల దగ్గర అన్నాడని తెలిసింది. ఎర్మోకి అన్నం సహించలేదు. బావ దూరమయ్యాడన్న బాధ ఒకటి, బావ అన్నది నిజమేనేమోనన్న బాధ ఇంకొకటి. "వాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నది నా చేతికా, రాతికా?" అని కాందిదాని అడిగాడు. "అడుసు తొక్కమన్నదెవరు, ఇప్పుడు కాలు కడగమంటే ఎవరు కడుగుతారు?" అంది గానీ, ఆ పూట అతనికిష్టమని స్క్విడ్ కూర వండింది.

కొత్త మేయరు కబురంపింది. మునిసిపల్ ఆఫీసులో ఇనెస్ లిమ్ పుదీనా బిళ్ళ చప్పరిస్తూ కుర్చీ చూపించింది.

"కూర్చో బాబాయ్. షెడ్ల మీద ఆయన పేర్లు పీకించేద్దామన్నారు మావాళ్ళు. నేనే వద్దన్నా. అంత చక్కటి చెక్కడం పాడుచేస్తామా? ఒక చిన్న పనుంది. పేరు కింద ఆయన పదవిలోకొచ్చిన సంవత్సరం చెక్కు. పక్కన గీత. ఆ పక్కన దిగిపోయిన ఏడు. చరిత్ర కదా, జనానికి తెలియాలి."

"అట్లా వేస్తే అది సమాధే అవుతుందమ్మా."

"అవుతుందా?" అంది ఇనెస్ అమాయకంగా. బిళ్ళని ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకి మార్చింది. "ఇంకో మాట. రేవు దగ్గర ఆర్చి కొత్తది కడుతున్నాం. అంతా పాలరాయి. దాని మీద అక్షరాలు ఎవరికివ్వాలా అని చూస్తున్నా. ముందు ఈ షెడ్ల పని ఎట్లా చేస్తావో చూసి, ఆ మాటా అనుకుందాం."

ఎర్మో ఇంటికొచ్చేదాకా ఎవరినీ చూడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొయ్యి అతనికి అలవాటైనదే గానీ ఇందులో పడుకోబోయేది తన బావ. కాదంటే ఆర్చి ఏ పైఊరివాడికో పోతుంది, ఇంకో ఆర్చి కట్టేసరికి తన చేతిలో ఉలి నిలవదు. ఔనంటే, కూతురిని తన చేతుల్లో పట్టుకుని జ్ఞానస్నానం ఇప్పించిన మనిషిని బతికుండగానే పాతిపెట్టినట్టు. కాందిదా అంతా విని, "చెయ్యి, లేకపోతే మానెయ్. నన్ను మాత్రం అడక్కు. నేను చెప్పింది చెయ్యవు, చెప్పనిది చేసి నామీద పెడతావు" అంది.

రెండురోజులు మనసులో నలుపుకుని, మూడోరోజు మధ్యాహ్నం ఉలి, సుత్తి, బరమా సంచిలో వేసుకుని చర్చి మలుపు దగ్గరి షెడ్డుకి వెళ్ళాడు. ఆర్చి కావాలని వెళ్ళాడు. దాచేదేముంది, మనసు అటే మొగ్గింది.

షెడ్డులో ఒకే ఒక్క మనిషి బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఎండుచేపల పొట్లం. ప్రభుత్వం బండి పోయాక సాతుర్నినో కూడా అందరిలాగే కిరాయి బండి కోసం చూడాల్సినవాడే. తాను కట్టించిన షెడ్డులో కూర్చున్న మొదటివాడు తనే. ఎర్మో చెట్టుచాటుకి తప్పుకుందామనుకునేలోపు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బాసిలిసా అటుగా వచ్చింది. చూపు సరిగా ఆనని మనిషి. అలవాటుగా పైకి చూసి, సిలువ గుర్తు వేసుకుని, "ప్రభువా, ఆయన ఆత్మకి శాంతి" అంది.

"నీక్కూడా వదినా" అన్నాడు సాతుర్నినో.

బాసిలిసా వేసిన కేకకి చర్చి పావురాలు లేచాయి. బుట్ట బోర్లాపడింది. ఆ తర్వాత ఆమె ఆయన్ని తిట్టిన తిట్లు ఎన్నికల్లో ఎవరూ తిట్టలేదు. "చచ్చినోడివి చచ్చినట్టు ఉండొద్దూ! మధ్యలో పలుకుతావేంటయ్యా!" మాజీ మేయరు మోకాళ్ళ మీద వంగి ఆమె చేపలు ఏరిపెట్టాడు. ఆ గోలకి నలుగురు పోగయ్యారు. ఎర్మో ఇంక తప్పించుకోలేకపోయాడు.

ఎర్మో సంచిలోంచి తొంగిచూస్తున్న బరమాని సాతుర్నినో చూశాడు.

"పీకడానికొచ్చావా బావా?"

"కాదు." ఎర్మో తలెత్తలేదు. "ఏళ్ళు వెయ్యమంది. వచ్చిన ఏడు, పోయిన ఏడు."

"ఆర్చి ఇస్తానందా?"

"నీకెట్లా తెలుసు?"

"నువ్వు పైకి చూస్తావని ఊరందరికీ తెలుసు. ఒకసారి నేనే ఇద్దామనుకున్నా. పక్క ఊరి వాడు కమీషన్ ఎక్కువిస్తానన్నాడు." ఆయన పొట్లం దారం విప్పి మళ్ళీ కట్టాడు. "నీ అక్షరం వల్ల ఓడానని చెప్పుకు తిరిగా. నా వల్ల ఓడానని చెప్పుకుంటే కోళ్ళపందెం దగ్గర ఎవడైనా పక్కన కూర్చోనిస్తాడా? చెక్కుకో బావా. నేను జరుగుతా."

బావ కోప్పడి ఉంటే ఎర్మోకి చెయ్యి తేలికయ్యేది. బెంచీ ఎక్కి పని మొదలుపెట్టాడు. గుంటలు తొలిచాడు, కాలవ తీశాడు. సాతుర్నినో పదవిలోకొచ్చిన సంవత్సరం తాలూకు నాలుగు అంకెలూ గుండ్రటి గిట్టల మీద నిలబడ్డాయి. ఆ పక్కన గీత చెక్కాడు. గీత చివర పొడి ఊదేసరికి, ఆ అవతలి నున్నటి రాయి కనిపించింది. ఉలి అక్కడికి పోలేదు.

మా శ్మశానంలో మొగుడు పోయినప్పుడు పెళ్ళాం పేరు కూడా పక్కనే చెక్కించేస్తారు. పుట్టిన ఏడు వేస్తారు, గీత గీస్తారు, ఆ తర్వాత ఒట్టి రాయి. ఆ ఒట్టి రాయి బతికున్నవాళ్ళ ఆస్తి. దాని మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యరు. పండుగనాడు ఎవరి ఖాళీని వాళ్ళే తుడుచుకుంటారు. "నాది ఇంకా ఖాళీయే చూడండే!" అని ముసలమ్మలు ఒకరినొకరు ఉడికించుకుంటారు. అది చూడనివాడు మా ఊళ్ళో లేడు.

ఎర్మో బెంచీ దిగి ఉలిని జేబులో పెట్టుకున్నాడు.

"అదేంటి, రెండో ఏడు?" అడిగింది బాసిలిసా.

"నాకు తెలిసింది అంతవరకే."

బాసిలిసా తానూ బెంచీ ఎక్కి, పేరునీ అంకెల్నీ గీతనీ వేలితో తడుముకుంటూ వచ్చి, ఖాళీ దగ్గర ఆగింది. మొదట ఆమె నవ్వింది. తర్వాత పోగైనవాళ్ళు నవ్వారు. సాతుర్నినోకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఓట్లు తప్ప ఆయనకి ఏదీ త్వరగా అర్థమయ్యేది కాదు. అయ్యాక ఎర్మో భుజం పట్టుకుని, చేతిలోని ఎండుచేపల పొట్లం అతని సంచిలో పెట్టేశాడు.

మిగతా షెడ్లన్నిటికీ ఎర్మో అదే చేశాడు. ఒక పేరు, ఒక ఏడు, ఒక గీత, కాస్త ఖాళీ. ఇనెస్ లిమ్ వచ్చి చూసి, బిళ్ళ చప్పరించడం ఆపేసింది. "రెండో ఏడు వెయ్యి బాబాయ్" అంది. "మీరే వెయ్యండమ్మా, ఉలి ఇదిగో" అన్నాడు. బతికున్న మనిషి ఖాళీలో చావు తారీఖు వేయించిన ఆడదన్న పేరు ఇనెస్ లిమ్‌కి వద్దు. ఆమెకీ శ్మశానంలో మొగుడి పేరు పక్కన ఒక ఖాళీ ఉంది. ఇంకో చెక్కేవాడిని పిలిపించబోతే, వాడు విషయం విని పడవ కూడా దిగలేదట.

ఆర్చి మాత్రం చేజారిపోయింది. పైఊరి నుంచి ఎవరో వచ్చి దానికి ప్లాస్టిక్ బ్యానరు కట్టారు. మొదటి తుఫానుకి అది ఎగిరి సముద్రంలో పడింది, ఇంకోటి కట్టారు. ఎర్మో దాని కిందనుంచి నడిచినప్పుడు ఇప్పటికీ పైకి చూస్తాడు. కడుపు మండుతుంది. మండదని అతను ఎవరితోనూ అబద్ధమాడలేదు.

ఒక సాయంత్రం కాందిదా కొట్టు కట్టేసి వస్తే, చర్చి మలుపులో కొబ్బరిచెట్టు కింద మొగుడు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా షెడ్డు నిండా జనం. పిల్లలు బెంచీ ఎక్కి ఫలకం చదువుతున్నారు. ఇద్దరాడవాళ్ళు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఖాళీని చూపించుకుని పకపకలాడుతున్నారు.

"ఏం చూస్తున్నావు?"

"నవ్వుతున్నారే."

"నువ్వు కోరుకున్నదేగా! బతికున్నోళ్ళు, పొడికళ్ళు."

"నా అక్షరం చూసి కాదు. నేను చెక్కనిది చూసి."

కాందిదా అతని పక్కనే కూలబడి, కాళ్ళు జాపుకుని, చీలమండలు నొక్కుకుంది. "ఆ ఖాళీ దాకా ఎట్లా వచ్చారనుకున్నావు? అంత పేరూ చదువుకుంటూనేగా వచ్చారు!"

తన అక్షరాల ముందు జనం ఏడవడం జీవితమంతా చూసిన ఎర్మో, ఆ సాయంత్రం తానే వాటి ముందు కూర్చుని ఏడ్చాడు. ఎదురుగా వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.